పాఠకుల ప్రశ్నలు – జవాబులు: భూకంపం ఒకవైపు, తుపాకులు ఒకవైపు, నడుమ పిల్లలు

మయన్మార్ భూకంపం గురించి, అక్కడి పిల్లలకు మనం చేయగల సాయం గురించి దక్షిణ ఒడిశాలో బరంపురం మొదలు మల్కన్‌గిరి వరకు మన తెలుగువారు రాసిన ఉత్తరాలు ఈ శీర్షికకు చాలా వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినప్పుడు వాటిలో ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందువల్ల అందరి విషయంలోనూ ఊరు, వృత్తి మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: మా తాతగారు గోపాలపూర్ రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళి, 1942లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు అన్నీ వదిలి తిరిగి వచ్చినవారు. అందుచేత 2025 మార్చి 28న మాండలే ప్రాంతంలో భూకంపం వచ్చిందని తెలిసినప్పుడు మా ఇంటిల్లిపాదీ కలత చెందాము. మన దేశం విమానాల్లోనూ ఓడల్లోనూ సామగ్రి పంపింది, ఇతర దేశాలూ పంపాయి. అయినా అనేక గ్రామాల్లో పిల్లలకు సాయం అందలేదని వార్తలు వస్తూనే ఉన్నాయి. సామగ్రి ఉండి కూడా అందకపోవడానికి కారణమేమిటి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం)

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నకు సగం జవాబు ఆ దేశపు పటంలోనే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా సగైంగ్ భ్రంశం (భూమి పొరల్లోని పెద్ద పగులు) వెంబడి 7.7 తీవ్రతతో భూమి కదిలింది, కొద్ది నిమిషాలకే మరో పెద్ద ప్రకంపన వచ్చింది. సగైంగ్, మాండలే నగరాల మధ్య ఐరావతి నది మీద 1934లో కట్టిన పాత వంతెన కూలింది. రాజధాని నేపిడాలో విమానాశ్రయపు కంట్రోల్ టవర్ పడిపోయింది. ఆ కారణంగా తొలి రోజుల్లో చాలా సామగ్రి యాంగూన్‌లో (మీ తాతగారి నాటి రంగూన్‌లో) దిగి, అక్కడినుండి ఆరు వందల కిలోమీటర్లకు పైగా దెబ్బతిన్న రోడ్డు మీద ప్రయాణించవలసి వచ్చింది. మృతుల సంఖ్య 3,700 దాటింది.

ఇంతవరకు జరిగినది ఏ దేశంలోనైనా జరగవచ్చు. మిగిలిన సగం జవాబు 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న నాటినుండి మొదలవుతుంది. భూకంపం వచ్చేనాటికే ఆ దేశంలో సుమారు 35 లక్షలమంది ఇళ్ళు విడిచి ఉన్నారు, 65 లక్షలమంది పిల్లలకు ఏదో ఒక రూపంలో సాయం అవసరమని యునిసెఫ్ చెబుతూ వచ్చింది. సగైంగ్ ప్రాంతంలో పట్టణాలు చాలావరకు సైన్యం చేతిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లో అనేకం ప్రతిపక్ష సాయుధ దళాల చేతిలోనూ ఉన్నాయి. అందుచేత మాండలేలో లారీ ఎక్కిన దుప్పట్ల కట్ట పల్లెకు చేరాలంటే మొదట సైన్యం ఇచ్చే ప్రయాణ అనుమతి కావాలి, ఆ తరువాత సైన్యపు తనిఖీ కేంద్రాలు దాటాలి, ఆ పైన అవతలి పక్షంవారి తనిఖీ కేంద్రాలు కూడా దాటాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. దేశదేశాలు ఇచ్చిన వరం విమానాశ్రయంలో దిగింది కాని, పూజారులు ఒకరు కారు, ఇద్దరు ముగ్గురు.

మన దేశం ‘ఆపరేషన్ బ్రహ్మ’ పేరుతో తొలి విమానంలో 15 టన్నుల సామగ్రి పంపింది, నౌకలు పంపింది, మాండలేలో సైనిక వైద్యశాల నడిపింది. దానిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి అందించే సాయం సహజంగానే ఆ ప్రభుత్వం కాలుపెట్టగల చోటికే చేరుతుంది. కాల్పుల విరమణ ప్రకటనలు వచ్చాయి. ప్రతిపక్షపు సమాంతర ప్రభుత్వం మార్చి 30 నుండి రెండు వారాలు దాడులు ఆపుతామన్నది, మూడు జాతుల సాయుధ కూటమి నెలరోజులన్నది, సైన్యం ఏప్రిల్ 2న తన ప్రకటన చేసింది. ఆ ముందు రాత్రే షాన్ రాష్ట్రంలో చైనా రెడ్‌క్రాస్ సామగ్రితో వెళ్తున్న వాహనాల దారిలో సైన్యం కాల్పులు జరిపింది. ముందుగా తెలియజేయకుండా వచ్చారు గనుక హెచ్చరికగా కాల్చామని సైన్యమే ఒప్పుకుంది. కాగితం మీద కాల్పులు ఆగిన తరువాత కూడా వైమానిక దాడులు కొనసాగాయని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం పదేపదే చెప్పింది.

ఇది ఒక్క మయన్మార్ కథ కాదు. 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున టర్కీ, సిరియా సరిహద్దులో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు వాయవ్య సిరియాలో ప్రభుత్వ అధీనంలో లేని ప్రాంతంలో సుమారు 45 లక్షలమంది ఉన్నారు, వారిలో సగానికి పైగా అప్పటికే యుద్ధంవల్ల అక్కడికి తరలివచ్చినవారు. 2014లో భద్రతామండలి ఐక్యరాజ్యసమితి లారీలకు నాలుగు సరిహద్దు ద్వారాలు అనుమతించింది. రష్యా, చైనాల అభ్యంతరాలతో వాటిని కుదిస్తూ వచ్చి 2020 జూలై నాటికి బాబ్ అల్ హవా అనే ఒక్క ద్వారం మిగిల్చారు. భూకంపంలో అక్కడికి వెళ్ళే రోడ్డు దెబ్బతిన్నది. ఫిబ్రవరి 9న ఆరు లారీలు దాటాయి, అవీ భూకంపానికి ముందే సిద్ధం చేసుకున్న సామగ్రితో. ఈలోగా అదే ద్వారం గుండా, టర్కీలో తలదాచుకుని అక్కడే శిథిలాల కింద చనిపోయిన సిరియన్ల మృతదేహాలు వందల సంఖ్యలో స్వదేశానికి చేరుతూనే ఉన్నాయి. అంటే శవాలకు తెరుచుకున్న దారి పాలకేడ్చే పిల్లలకు కావలసిన మందులకు మూడు రోజులు తెరుచుకోలేదు. ఐక్యరాజ్యసమితి సహాయ విభాగపు అధిపతి మార్టిన్ గ్రిఫిత్స్ సరిహద్దుకు వచ్చి, వాయవ్య సిరియా ప్రజల విషయంలో తాము విఫలమయ్యామని బహిరంగంగా ఒప్పుకున్నారు. మరో రెండు ద్వారాలకు సిరియా ప్రభుత్వం ఒప్పుకున్నది ఫిబ్రవరి 13న. శిథిలాల కింద చిక్కుకున్నవారు ప్రాణాలతో దొరికే గడువు అప్పటికే ముగిసిపోయింది.

మరి ఈ రెండు చోట్లా తొలి గంటల్లో పిల్లలను బయటికి తీసినది ఎవరు? సిరియాలో ‘వైట్ హెల్మెట్స్’ అని పిలిచే స్థానిక పౌర రక్షణ దళం, ఇరుగుపొరుగువారు. మయన్మార్‌లో బౌద్ధ విహారాలవారు, వీధి యువకులు, స్థానిక సంఘాలు. పిల్లవాడి పక్కన అప్పటికే ఉన్న మనిషికి మనం ఇచ్చే సాయమే పోరు నడిచే ప్రాంతంలో పనికివస్తుంది. ఈ సంచికలోని మిగిలిన జవాబులకు కూడా మూలం ఇదే.

ప్రశ్న: మా మహిళా సంఘం తరఫున పసిపిల్లల పాలపొడి డబ్బాలు, పాలసీసాలు పోగుచేసి భూకంప బాధిత దేశాలకు పంపాలనుకుంటున్నాము. చందాలు కూడా మొదలుపెట్టాము. ఎవరికి అప్పగించాలో తెలియజేయగలరు. (అంగన్‌వాడీ కార్యకర్త, పర్లాకిమిడి)

జవాబు: అమ్మా, మీ సంఘంవారి మనసు మంచిదే. చందాలు కొనసాగించండి, డబ్బాలు మాత్రం కొనవద్దు. ఇది కఠినంగా వినిపించవచ్చు గనుక కారణాలు కొంత వివరంగా చెబుతాను.

పాలపొడి కలపాలంటే మరిగించిన నీరు కావాలి, నీరు మరిగించడానికి పొయ్యి, వంటచెరకు కావాలి, సీసా కడగడానికి మళ్ళీ నీరు, సబ్బు కావాలి. శిబిరంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు ఉండాలని సహాయ సంస్థలు పెట్టుకున్న ప్రమాణం. తొలి వారాల్లో ఆ కనీసం కూడా దొరకని చోట్లే ఎక్కువ. సిరియాలో భూకంపానికి ఐదు నెలల ముందే, 2022 సెప్టెంబరులో, కలరా బయటపడి ఉంది. అటువంటి నీటితో కలిపిన సీసా పాలు బిడ్డకు ఏమి చేస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో 2006 మే భూకంపం తరువాత జరిపిన అధ్యయనంలో, విరాళంగా వచ్చిన పాలపొడి అందిన రెండేళ్ళలోపు పిల్లల్లో విరేచనాలు 25 శాతం మందిలో కనబడగా, అందనివారిలో అవి సుమారు 12 శాతమే. అక్కడ యుద్ధం లేదు, దారులు మూసుకుపోలేదు. అయినా ఫలితం అది.

భయంవల్ల తల్లికి పాలు ఎండిపోతాయనే నమ్మకం మన పల్లెల్లో ఉన్నట్టే అక్కడా ఉంది. దిగులువల్ల పాలు దిగడం కొంతసేపు మందగించవచ్చు, కాని బిడ్డ పదేపదే చప్పరిస్తూ ఉంటే అవి తిరిగి వస్తాయి. ఆ తల్లికి కావలసినది తాగడానికి శుభ్రమైన నీరు, కడుపునిండా తిండి, నలుగురి కంటపడకుండా కూర్చోవడానికి నాలుగు గజాల చాటు, పక్కన ధైర్యం చెప్పే మరొక స్త్రీ. డబ్బా చేతిలో పెడితే నాలుగు రోజుల్లో బిడ్డ రొమ్ము మరుస్తుంది, ఆ తరువాత దారి మూసుకుపోయి రెండో డబ్బా రాకపోతే రెండూ పోతాయి. తల్లి చనిపోయిన పసికందులకు, ఇతరత్రా తల్లిపాలు అందే వీలులేని బిడ్డలకు పాలపొడి అవసరమే. అయితే దానిని వైద్య సిబ్బంది ఒక్కొక్క బిడ్డను చూసి, నీటి ఏర్పాటుతో సహా ఇస్తారు, వీధిలో పంచరు. మన దేశంలోనే 1992 నాటి చట్టం ప్రకారం అనాథాశ్రమాలకు తప్ప ఇతరులకు పసిపిల్లల పాలపొడిని, పాలసీసాలను దానంగా పంచడం నిషిద్ధమని మీ సంఘంలో చదివి వినిపించండి. సేవ చేస్తున్నామనుకుంటూ చట్టాన్ని దాటేవారు మన జిల్లాల్లో తుఫాను వచ్చిన ప్రతిసారీ కనిపిస్తూనే ఉన్నారు.

ఆరు నెలలు దాటిన పిల్లల సంగతి మీకు బాగా తెలిసిన పనే. పోషకాహార లోపాన్ని పసిగట్టడానికి మీ కేంద్రంలో జబ్బ చుట్టుకొలత చూసే రంగుల టేపు అక్కడి శిబిరాల్లోనూ అదే. ఎడమచేయి భుజానికీ మోచేతికీ నడిమధ్యన గుర్తుపెట్టి, చేయి వేలాడదీసి, బిగించకుండా వదులుకాకుండా టేపు చుట్టి చూస్తే, 11.5 సెంటీమీటర్లకు తక్కువై ఎరుపులో పడిన బిడ్డకు వెంటనే చికిత్స అవసరం, 12.5 వరకు పసుపు. ఎరుపులో పడి, ఇతర జబ్బులేవీ లేక ఆకలితో తినగలిగిన బిడ్డకు వేరుశెనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపిన 92 గ్రాముల పొట్లం ఇస్తారు, అందులో 500 కేలరీలు ఉంటాయి. నీరు కలపనక్కరలేదు, వండనక్కరలేదు, చింపి నేరుగా నోటికి అందించవచ్చు. మన అంగన్‌వాడీల్లో ఇచ్చే ఛతువా పిండిని ఉడికించి పెట్టే సావకాశం లేని చోటికి చేసిన వస్తువు అది. దానితోబాటు తట్టు టీకా, విటమిన్ ఎ చుక్కలు తొలి వారాల్లోనే వేయాలి. 2021 తరువాత మయన్మార్‌లో మామూలు టీకా కార్యక్రమమే దెబ్బతిన్నందువల్ల, కిక్కిరిసిన గుడారాల్లో ఒక్క బిడ్డకు తట్టు సోకినా అది ఎంత వేగంగా పాకుతుందో మీరు ఊహించగలరు. మీరు పోగుచేసిన సొమ్ము ఈ పొట్లాలకు, టీకాలకు చేరేలా పంపండి. పంపే పద్ధతి నాలుగో జవాబులో ఉన్నది.

ప్రశ్న: మాకు సంతానం లేదు. భూకంపంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఒక బిడ్డను తెచ్చుకుని పెంచుకోవాలని నేను, మావారు నిశ్చయించుకున్నాము. కులమతాల పట్టింపు మాకు లేదు. దారి చూపగలరు. (గృహిణి, రాయగడ)

జవాబు: అమ్మా, మీ ఇద్దరి మంచితనాన్ని శంకించడం లేదు, కాని ఈ దారిలో వెళ్ళవద్దని చెప్పక తప్పదు. విపత్తు జరుగుతున్నప్పుడు గాని, జరిగిన వెంటనే గాని దత్తత జరగరాదని యునిసెఫ్ మొదలైన సంస్థలన్నీ ఒక్కమాటగా చెబుతాయి. శిథిలాల దగ్గర ఒంటరిగా కనిపించిన బిడ్డ అనాథ అని ఎవరు తేల్చాలి? తండ్రి మరో ఆస్పత్రిలో ఉండవచ్చు, అమ్మమ్మ పక్క శిబిరంలో ఉండవచ్చు. యుద్ధ ప్రాంతమైతే కన్నవారు సరిహద్దు అవతల కూలికి పోయి ఉండవచ్చు, చెరసాలలో ఉండవచ్చు, ఫోను పనిచేయని పల్లెలో ఉండవచ్చు.

సిరియాలోని జిందైరిస్‌లో శిథిలాల కింద పుట్టిన ఆడశిశువు సంగతి మీరు చదివే ఉంటారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు అందరూ పోయారు. ప్రపంచం నలుమూలలనుండి వేలమంది పెంచుకుంటామని ముందుకు వచ్చారు. చివరికి ఆ బిడ్డ చేరినది తన బంధువుల ఇంటికే. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లలను సరైన పత్రాలు లేకుండా సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. విచారిస్తే ఆ పిల్లల్లో చాలామందికి కన్నవారు బతికే ఉన్నారు. అంతకుముందు 2004 డిసెంబరు సునామీ ఇండోనేషియాలోని అచే ప్రాంతాన్ని తుడిచిపెట్టినప్పుడు, అక్కడ అప్పటికి దాదాపు మూడు దశాబ్దాలుగా సాయుధ పోరు నడుస్తున్నది. పదహారేళ్ళలోపు పిల్లలెవరూ తల్లిదండ్రులు వెంట లేకుండా ఆ ప్రాంతం దాటి వెళ్ళరాదని ఇండోనేషియా ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. పిల్లలను అక్రమంగా రవాణా చేసేవారు మొట్టమొదట చేరుకునేది ఇటువంటి చోట్లకే అని ఆ ప్రభుత్వానికి తెలుసు. దిక్కులేని పిల్లవాడు సాయుధ దళాల చేతిలో పడి తుపాకీ మోయవలసి వచ్చే ప్రమాదం మయన్మార్‌లో ఉన్నది.

శిబిరాల్లో బాధ్యతగలవారు చేసేది ఇది: బిడ్డ పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, దొరికిన చోటు, ఒంటిమీద ఉన్న బట్టలు నమోదు చేసి, ఫొటో తీసి, బంధువుల కోసం రెడ్‌క్రాస్ వంటి సంస్థల ద్వారా వెతికిస్తారు. అప్పటివరకు తెలిసిన కుటుంబం దగ్గర ఉంచి, ఆ కుటుంబానికి ఖర్చులకు డబ్బు ఇస్తారు. మనవరాలిని పోషించలేని అమ్మమ్మకు నెలకు కొంత సొమ్ము అందితే ఆ బిడ్డ అనాథాశ్రమానికి పోనక్కరలేదు. మీకు బిడ్డను పెంచుకోవాలనే కోరిక బలంగా ఉంటే, మన దేశంలో కేంద్ర దత్తత ప్రాధికార సంస్థ వద్ద పేరు నమోదు చేసుకోండి, జిల్లా బాలల సంరక్షణ విభాగంవారు సాయపడతారు. ఆ పద్ధతికి బయట బిడ్డను తీసుకోవడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం జైలుశిక్ష పడే నేరం.

ప్రశ్న: మా యువజన సంఘంవారు ఇంటింటికీ తిరిగి పాత బట్టలు, కొంత డబ్బు సేకరించారు. విదేశానికి పంపడానికి ప్రభుత్వ అనుమతి కావాలా? పన్ను రాయితీ వస్తుందా? (దుకాణదారు, జయపురం)

జవాబు: బట్టలు మీ ఊళ్ళోనే అవసరమైనవారికి, ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వండి. 2004 సునామీ తరువాత నాగపట్నం రోడ్ల పక్కన ఎవరూ తొడగని పాత బట్టలు గుట్టలుగా పడి కుళ్ళాయి. వాటిని ఎత్తివేయడం సహాయ సిబ్బందికి అదనపు పని అయింది. సరిహద్దు దాటవలసిన సామగ్రి అయితే ప్రతి మూటనూ తనిఖీ కేంద్రంలో విప్పి చూస్తారు, అటువంటి మూటలు మందుల లారీకి ముందు వరుసలో నిలబడితే నష్టం పిల్లలకే.

డబ్బు విషయంలో, భారతదేశంలో నివసించే వ్యక్తి తన బ్యాంకు ద్వారా ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు విరాళాలతో సహా వివిధ అవసరాలకు విదేశాలకు పంపుకోవచ్చు. అయితే ఆ సదుపాయం వ్యక్తులదే, సంఘానిది కాదు. సంఘం ట్రస్టుగా నమోదై ఉండి సొమ్మును విదేశంలో ఖర్చు చేస్తే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేనిదే ఆ మేరకు పన్ను మినహాయింపు నిలవదు. కాబట్టి మీవంటి సంఘాలకు సులువైన దారి, మన దేశంలో కార్యాలయం ఉండి, భూకంప ప్రాంతంలో ముందునుండీ పనిచేస్తున్న పిల్లల సంస్థకు, ఏ పనికోసమో స్పష్టంగా రాసి, బ్యాంకు ద్వారా పంపడం. 80జి అని మనం చెప్పుకునే ఆదాయపు పన్ను రాయితీ ఆ అర్హత ఉన్న భారతీయ సంస్థకు ఇచ్చిన సొమ్ముకే వస్తుంది. వస్తువులకు రాదు, రెండు వేల రూపాయలు మించి నోట్ల రూపంలో ఇచ్చినదానికీ రాదు. అందరి దగ్గర తీసుకున్న చందాకు రసీదు పుస్తకం తప్పక పెట్టండి. సంస్థను ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ ఊళ్ళో మీ మనుషులు భూకంపానికి ముందు ఉన్నారా అని. ఫోనులో వచ్చిన గుర్తు తెలియని క్యూఆర్ కోడ్‌కు ఒక్క రూపాయి కూడా వేయవద్దు.

ప్రశ్న: తిరుగుబాటుదారులు ఏలుతున్న ప్రాంతానికి తిండి, మందులు పంపితే అవి చివరికి సాయుధుల చేతికే పోతాయి కదా! అటువంటప్పుడు ఆ సాయాన్ని ఆపిన ప్రభుత్వాన్ని తప్పుపట్టడం న్యాయమా? (డిగ్రీ విద్యార్థి, గుణుపురం)

జవాబు: సందేహం సబబైనదే, దీనికి ఒకే ముక్కలో జవాబు లేదు. సాయం పక్కదారి పట్టిన సందర్భాలు ఉన్నాయి, ప్రభుత్వాల చేతుల్లోనూ తిరుగుబాటుదారుల చేతుల్లోనూ కూడా. 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందం ఈ భయాన్ని లెక్కలోకి తీసుకునే రాసినది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఉద్దేశించిన అత్యవసర ఆహారాన్ని, బట్టలను, బలవర్ధక ఔషధాలను శత్రుపక్షపు పౌరులకైనా సరే పోనివ్వాలని దాని 23వ అధికరణం చెబుతుంది. అవి పక్కదారి పడతాయని అనుకోవడానికి గట్టి కారణం ఉంటే ఆపవచ్చునని, పంపిణీని తటస్థుల పర్యవేక్షణలో జరిపించాలని కోరవచ్చునని కూడా చెబుతుంది. అది దేశాల మధ్య యుద్ధాలకు రాసిన నియమం. అంతర్యుద్ధాల్లోనూ పౌరులకు చేరే నిష్పాక్షిక సాయానికి అకారణంగా అడ్డుపడరాదన్నది నేడు స్థిరపడిన ఆచారం. అంటే ప్రభుత్వానికి లారీని సోదా చేసే హక్కు ఉన్నది, పిల్లవాడిని పస్తుంచే హక్కు లేదు. పసిబిడ్డ జబ్బకు చుట్టే టేపును, తట్టు టీకాను దొంగిలించి ఏ సాయుధుడూ యుద్ధం గెలవలేడు.

మన ఉపఖండంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 2005 అక్టోబరు 8 ఉదయం, పిల్లలు బడుల్లో ఉన్న వేళ, కాశ్మీర్‌లో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. పాకిస్తాన్ వైపు 73,000 మందికి పైగా మరణించారు, వారిలో వేలాదిమంది తరగతి గదుల్లోనే ప్రాణాలు విడిచారు. మన వైపు కూడా వెయ్యిమందికి పైగా పోయారు. భారత్ హెలికాప్టర్లు ఇస్తామన్నది, భారత పైలట్లు లేకుండా అయితే తీసుకుంటామని పాకిస్తాన్ అన్నది, మన ప్రభుత్వం దానికి ఒప్పుకోలేదు. ఆ బేరం అక్కడితో ఆగిపోయింది. అయినా నెల తిరిగేసరికి నియంత్రణ రేఖ మీద ఐదు చోట్ల దారి తెరవడానికి రెండు దేశాలూ అంగీకరించాయి, నవంబరు 7న సామగ్రి చేతులు మారింది. శత్రువులైన రెండు సైన్యాలు అంతమాత్రం చేయగలిగినప్పుడు తన పౌరులకే దారి మూసిన ప్రభుత్వాన్ని తప్పుపట్టడం అన్యాయమని నేను అనుకోను.

ప్రశ్న: భూకంపం వార్తలు పత్రికల్లో ఆగిపోయాయి. ఇప్పుడు పంపిన డబ్బు వృథా కాదా? (బ్యాంకు ఉద్యోగి, ఛత్రపురం)

జవాబు: కాదు. తొలి వారంలో వచ్చే విరాళాలే ఎక్కువ, ఖర్చు మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. కాలు తీసివేసిన పిల్లవాడికి ఎదుగుదలతోబాటు కృత్రిమ కాలును పదేపదే మార్చాలి. ఒక్క ఆ లెక్క చాలు.

ప్రశ్న: నేను చిత్రకొండ అవతల, ఒకప్పటి కటాఫ్ ఏరియాలో చదువు చెబుతున్నాను. తిండి, గూడు లేనప్పుడు శిబిరాల్లో గుడారం వేసి బడి నడపడం ఎందుకని మా సహోద్యోగులు వాదిస్తున్నారు. మీ అభిప్రాయం ఏమిటి? మా పిల్లలు గీసిన బొమ్మలను అక్కడి పిల్లలకు పంపవచ్చునా? (ఉపాధ్యాయురాలు, మల్కన్‌గిరి జిల్లా)

జవాబు: టీచరుగారూ, బలిమెల జలాశయం చుట్టుముట్టిన మీ ప్రాంతానికి 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా బియ్యం, మందులు, పుస్తకాలు అన్నీ లాంచీ కోసం, ఆ పైన అటు మావోయిస్టుల, ఇటు బలగాల మనసు కోసం కాచుకున్న రోజులు మీ ఊరి పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో బడి తెరిచి ఉన్నదంటే పిల్లవాడు ఎక్కడున్నాడో తల్లికి తెలిసేది. గుడారపు బడి చేసే మొదటి మేలు కూడా అదే. పిల్లలు ఒకచోట చేరితే ఎవరు తప్పిపోయారో, ఎవరికి జ్వరం తగిలిందో, ఎవరిని ఎవరు పనికి తీసుకుపోవాలని చూస్తున్నారో పెద్దల కంటపడుతుంది. టీకా వేసేవారికీ జబ్బ కొలిచేవారికీ చోటు దొరుకుతుంది. యునిసెఫ్ పంపే ‘పెట్టెలో బడి’ అనే సామగ్రి నలభైమంది పిల్లలకు సరిపోతుంది, దాని మూత లోపలివైపు రంగు పూసుకుంటే అదే నల్లబల్ల అవుతుంది. అయితే దానిని విప్పి పాఠం చెప్పేది ఆ ఊరి టీచరే. ఆమెకు జీతం అందకపోతే పెట్టె పెట్టెగానే ఉండిపోతుంది.

యుద్ధ ప్రాంతంలో బడికి మరొక పని కూడా ఉన్నది. 2023లో మందుపాతరల, పేలకుండా మిగిలిన మందుగుండు బారినపడి చనిపోయినవారు, గాయపడినవారు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా మయన్మార్‌లోనే, వెయ్యిమందికి పైగా. భూమి కదిలి, గోడలు కూలి, ఇనుప ముక్కల కోసం శిథిలాలు వెతికే పిల్లలకు ఏది ముట్టకూడదో నేర్పడం అక్కడ అక్షరాలకంటే ముందు పాఠం. బడి క్షేమమైన చోటని హామీ లేదన్నదీ నిజమే. భూకంపం వచ్చిన నెలన్నరకు, 2025 మే 12న, సగైంగ్ ప్రాంతంలోని దెపాయిన్‌లో ఒక బడి మీద జరిగిన వైమానిక దాడిలో ఇరవైమంది దాకా విద్యార్థులు, వారితో ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. అందుచేతనే ఇప్పుడు కొన్ని చోట్ల పిల్లలను చిన్న చిన్న గుంపులుగా విడదీసి, చెట్ల కింద, ఇళ్ళలో చదివిస్తున్నారు. మీ సహోద్యోగులకు చెప్పండి, ఆ తల్లిదండ్రులు ఇంత జరిగిన తరువాత కూడా బడి వద్దనలేదు.

బొమ్మలు టపాలో పంపవద్దు. విదేశీ చిరునామాతో వచ్చిన కట్ట తనిఖీ కేంద్రంలో దొరికితే, అందుకున్న టీచరు సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. బొమ్మలను మీ బడిలోనే ప్రదర్శనకు పెట్టి, చూడవచ్చిన పెద్దల దగ్గర చందా తీసుకుని, జయపురం దుకాణదారుగారికి చెప్పిన పద్ధతిలోనే పంపండి. ఏ పనికోసం అన్న చోట ‘ఉపాధ్యాయుల భత్యం’ అని రాయండి.